తైవాన్‌లో మిషనరీ జీవితం, చైనీస్ పండగలు: మీరు తరచుగా అడిగే ప్రశ్నలు

మేం ఉండేది తైనాన్‌లో. తైవాన్ దక్షిణాన ఉన్న పాత ఊరు, సందుకో గుడి ఉంటుంది. నేనూ మా ఆయనా ఇక్కడి లోకల్ సంఘంతో కలిసి పిల్లల మధ్య, ముసలివాళ్ళ మధ్య పరిచర్య చేస్తున్నాం. గుంటూరు నుంచి, ఒంగోలు నుంచి, ఖమ్మం నుంచి, హైదరాబాద్ నుంచి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ మెసేజ్ పెడుతూనే ఉంటారు, చాలావరకు అవే డౌట్లు, ముఖ్యంగా చైనీస్ కొత్త సంవత్సరం దగ్గర పడితే ఫోన్ ఆగదు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టా. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు, మీకు కావాల్సింది చూసుకోండి.

## బయలుదేరకముందు

అక్కా, చైనాలో సువార్త చెప్తే జైల్లో పెడతారంట కదా, మరి మీరెలా ఉంటున్నారు?

మేమున్నది తైవాన్. చైనా మెయిన్‌ల్యాండ్ సంగతి వేరు. అక్కడ విదేశీయులు మతప్రచారం చేయకూడదు, చైనావాళ్ళని మతంలో చేర్చకూడదు అని 1994 నుంచే రూల్స్ ఉన్నాయి, ఆ తర్వాత ఇంకా బిగించారు. తైవాన్‌లో మతస్వేచ్ఛ ఉంది, చర్చి బోర్డు పెట్టుకుని, వీసా మీద మిషనరీ అని రాయించుకుని బహిరంగంగానే ఉండొచ్చు. హాంకాంగ్, మకావు, సింగపూర్, మలేషియాల్లో కూడా చైనీస్ వాళ్ళున్నారు, చైనీస్ సంఘాలున్నాయి, కానీ ఒక్కో చోట ఒక్కో చట్టం. మలేషియాలో ముస్లింలకి వేరే మతం ప్రచారం చేయడం నేరం. అందుకే "చైనీస్ వాళ్ళ మధ్య పని" అని భారం కలిగితే ముందు ఏ దేశమో తేల్చుకోండి, ఆ దేశం చట్టమేంటో చదవండి, ఆ తర్వాతే సంఘంలో ప్రకటించండి.

టూరిస్ట్ వీసా మీద వెళ్ళి మెల్లగా పని మొదలుపెట్టేస్తే కుదరదా?

వద్దు. సత్యం చెప్పడానికి వెళ్ళేవాళ్ళు ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరే అబద్ధంతో మొదలుపెట్టకూడదు, ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. తైవాన్‌లో రిజిస్టర్ అయిన సంఘం గానీ మిషన్ గానీ మిమ్మల్ని పిలవాలి, ఆ లెటర్‌తో రెసిడెంట్ వీసాకి పెట్టుకోవాలి. ఇండియాలో వాళ్ళకి ఎంబసీ అనే పేరుతో ఆఫీసు లేదు, ఆ పని తైపే ఎకనామిక్ అండ్ కల్చరల్ సెంటర్ చేస్తుంది, ఢిల్లీ, చెన్నై, ముంబైలలో ఉంది, మనవాళ్ళకి చెన్నై దగ్గర. వచ్చాక రెసిడెంట్ కార్డు తీసుకోవాలి. ఆ కార్డుతో ఆరు నెలలు ఉన్నాక ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్‌లో చేరొచ్చు, ఈలోపు ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పకుండా ఉండాలి.

మన తెలుగువాళ్ళు అసలు బయటి దేశాలకి మిషనరీలుగా వెళ్ళారా? తెల్లవాళ్ళే కదా వచ్చేది?

వెళ్ళారు. 1903లోనే నెల్లూరు వైపు తెలుగు బాప్టిస్టు సంఘాలు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి పంపాయి, అక్కడ చెరుకుతోటల్లో కూలికి వెళ్ళిన మన తెలుగువాళ్ళ కోసం. అప్పటికి మన సంఘాల వయసు ఎంత, అమెరికా మిషనరీ హేయర్ గారు గుంటూరు వచ్చింది 1842లో, అంటే అరవై ఏళ్ళు దాటగానే మనవాళ్ళు పంపేవాళ్ళయ్యారు. "మనకే పేదరికం, మనమేం పంపుతాం" అనే పాస్టర్ గార్లకి నేను ఈ కథే చెప్తా. ఒక తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి, రంగయ్య గారు వెళ్ళింది తెలుగు మాట్లాడేవాళ్ళ దగ్గరికి, మీరు వెళ్ళేది భాషా తిండీ పండగా అన్నీ కొత్తవైన చోటుకి.

పచ్చళ్ళు, పొడులు పట్టుకెళ్ళనిస్తారా?

ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి లాంటివి ఇంటి వాడకానికి గట్టిగా సీల్ చేసి తెచ్చుకుంటున్నాం. మాంసం మాత్రం ముక్క కూడా వద్దు. చికెన్ పచ్చడి, మటన్ గోంగూర ఏదైనా సరే అమ్మ బతిమాలినా పెట్టుకోవద్దు, మాంసం సరుకు తేవడం ఇక్కడ నిషేధం. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల జబ్బు ఉన్న దేశాల నుంచి పంది మాంసం తెస్తే మొదటిసారే 2 లక్షల తైవాన్ డాలర్ల జరిమానా. మొక్కలు, విత్తనాలు, తాజా కరివేపాకు కూడా తేకండి.

## మొదటి నెలలు

భాష ఎన్నాళ్ళకి వస్తుంది? చైనీస్ నేర్చుకోవాలా తైవానీస్ నేర్చుకోవాలా?

ముందు మాండరిన్, అది రాకపోతే బ్యాంకు పని కూడా అవ్వదు. కనీసం రెండేళ్ళు భాషకే ఇవ్వండి, ఆ రెండేళ్ళలో "ఎంతమంది రక్షించబడ్డారు" అని రిపోర్ట్ అడిగే సంఘం అయితే వెళ్ళకముందే కూర్చుని మాట్లాడుకోండి. తైపేలో, తైనాన్‌లో యూనివర్సిటీల భాషా కేంద్రాలున్నాయి. ఇక్కడ పాతపద్ధతి అక్షరాలే రాస్తారు, చైనాలో లాగా సింప్లిఫై చేసినవి కాదు. పలకడానికి జుయిన్ అని 37 గుర్తులున్నాయి, చిన్నపిల్లలు బడిలో వాటితోనే మొదలుపెడతారు, మీరూ అలాగే మొదలుపెట్టండి. మన నాలుకకి ఉన్న చిక్కు ఏంటంటే తెలుగులో మాట్లాడేటప్పుడు ఒత్తులు వదిలేస్తాం కదా, "ధనం"ని "దనం" అన్నా పోతుంది, ఇక్కడ క-ఖ, త-థ తేడా పోతే మాటే మారిపోతుంది. టోన్లు నాలుగు, వాటి భయం ఆరు నెలల్లో తగ్గుతుంది.

ముసలివాళ్ళతో పని ఉంటే తైవానీస్ లేకుండా కుదరదు, దక్షిణంలో మరీ. బామ్మలు మాండరిన్‌లో జవాబు చెప్తారు గానీ మనసు విప్పేది తైవానీస్‌లోనే. కెనడా నుంచి 1872లో తమ్‌స్వేకి వచ్చిన జార్జ్ లెస్లీ మెక్కే గారు గేదెలు కాసే పిల్లల దగ్గర కూర్చుని ఈ భాష నేర్చుకున్నారు. తైనాన్‌లో థామస్ బార్క్‌లే గారు 1885లో రోమన్ అక్షరాల్లో తైవానీస్ పత్రిక మొదలుపెట్టారు, అక్షరం రాని ఆడవాళ్ళు కూడా చదువుకోవాలని. ఆ పత్రిక నేటికీ వస్తోంది, తైవాన్‌లో అచ్చయిన మొట్టమొదటి పత్రిక అదే.

తిండి సంగతేంటి? పాములూ కప్పలూ తింటారంట కదా?

అన్నమే తింటారు, మూడుపూటలా దొరుకుతుంది, కాకపోతే మన సన్నబియ్యంలా పొడిపొడిగా ఉండదు, ముద్దగా ఉంటుంది. పంది మాంసం ఎక్కువ, వద్దంటే చేప, కోడి, టోఫు ఉంటాయి. శాకాహారులకి తైవాన్ చాలా సుఖం, బౌద్ధుల శాకాహార హోటళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటాయి, అక్కడ ఉల్లి వెల్లుల్లి కూడా వెయ్యరు. కారం ఉండదు, అదొక్కటే మొదట్లో బాధ. ఆ పాముల మాట మాత్రం దయచేసి ఇక్కడికొచ్చాక ఎవరినీ అడగొద్దు. మన దేశం పేరు చెప్పగానే ఎవరైనా అలాంటి ప్రశ్నే వేస్తే మనకెలా ఉంటుందో వాళ్ళకీ అలాగే ఉంటుంది.

రోజంతా ఏం చేస్తారు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా సువార్త చెప్పడమేనా?

పొద్దున భాష క్లాసు, మధ్యాహ్నం బడి అయ్యాక పిల్లలకి హోమ్‌వర్క్ సాయం, ఇంగ్లీషు, వారంలో కొన్ని సాయంత్రాలు బైబిల్ స్టడీ, మిగతాది పక్కవాళ్ళతో మామూలు బతుకే. ఇక్కడ చెత్తబండి పియానో పాట వేసుకుంటూ వస్తుంది, ఆ పాట వినబడగానే సందులో అందరూ చెత్తసంచులు పట్టుకుని రోడ్డు మీదికొస్తారు, చెత్త కింద పెట్టి వెళ్ళిపోకూడదు, మనమే బండిలో వెయ్యాలి. ఆ పది నిమిషాలు నిలబడి ఎదురుచూస్తాం చూడండి, మా సందులో మాకు తెలిసినవాళ్ళందరూ అక్కడ పరిచయమైనవాళ్ళే. ఎవరికి మోకాళ్ళ నొప్పి, ఎవరి కూతురు తైచుంగ్ నుంచి వస్తోంది, అన్నీ అక్కడే తెలుస్తాయి. పాంప్లెట్లు పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగినా ఇంత దగ్గరతనం రాదు.

పాత మిషనరీలు కూడా అలాగే బతికారు. చాంగ్‌హ్వాలో డాక్టర్ లాండ్స్‌బరో గారు 1928లో ఒక పిల్లాడి కాలి పుండు మానకపోతే తన భార్య కాలి నుంచి చర్మం తీసి వాడికి అతికించారు. ఆ చర్మం అతుక్కోలేదు, కానీ పిల్లాడు మెల్లగా కోలుకున్నాడు, పెద్దయ్యాక పాస్టర్ అయ్యాడు. చాంగ్‌హ్వాలో ఆ క్రిస్టియన్ హాస్పిటల్ ఇప్పటికీ ఉంది, ఈ కథ క్రైస్తవులు కానివాళ్ళు కూడా చెప్పుకుంటారు.

ఒంటరిగా అనిపించదా?

అనిపిస్తుంది, ఎక్కువగా ఆదివారం మధ్యాహ్నం ఆరాధన అయిపోయాక, చుట్టూ అందరూ నవ్వుతూ మాట్లాడుకుంటుంటే మనకి సగమే అర్థమయ్యే రోజుల్లో. వారానికి ఒకసారి తెలుగులో ప్రార్థన చేసుకునే మనిషి ఫోన్లోనైనా ఉండాలి. దేవునితో మాట్లాడే భాష ఎండిపోకూడదు.

## పండగలు వచ్చినప్పుడు

ఏ పండగ ఎప్పుడొస్తుందో ఎలా తెలుస్తుంది? ప్రతి ఏడాదీ తేదీ మారుతుందేంటి?

చాలావరకు చాంద్రమానం. మొదటి నెల మొదటి రోజు కొత్త సంవత్సరం, 15వ రోజు దీపాల పండగ, ఐదో నెల 5న డ్రాగన్ బోట్, ఏడో నెలంతా ప్రేతాల నెల, ఎనిమిదో నెల పౌర్ణమి మధ్య శరదృతువు పండగ. 2026లో కొత్త సంవత్సరం ఫిబ్రవరి 17న, వాళ్ళ లెక్కలో గుర్రం సంవత్సరం. డ్రాగన్ బోట్ జూన్ 19, శరదృతువు పండగ సెప్టెంబర్ 25. చింగ్‌మింగ్, అంటే సమాధులు శుభ్రంచేసే రోజు, సూర్యమానం కాబట్టి ఏప్రిల్ 4 లేదా 5. మన పంచాంగం ఇంట్లో చూసి పెరిగినవాళ్ళకి అధికమాసం లెక్కతో సహా ఇదంతా తేలిగ్గానే ఎక్కుతుంది.

కొత్త సంవత్సరానికి పక్కింటివాళ్ళు భోజనానికి పిలిచారు, ఏం తీసుకెళ్ళాలి, ఎలా ఉండాలి?

ముందు ఒక సంగతి. పండగ ముందురోజు రాత్రి భోజనం పూర్తిగా ఇంటివాళ్ళది, ఎక్కడెక్కడి పిల్లలూ ఆ రాత్రికి ఇల్లు చేరాలి. ఆ భోజనానికి మిమ్మల్ని పిలిచారంటే మిమ్మల్ని ఇంటిమనిషిగా చూశారని, మిగతా పనులన్నీ మానుకుని వెళ్ళండి. కమలాలు, మంచి పళ్ళబుట్ట, స్వీటు డబ్బా తీసుకెళ్ళొచ్చు, ఎర్ర కాగితంలో చుట్టించండి. గోడ గడియారం, గొడుగు, కత్తులు ఇవ్వకూడదు, నాలుగు లెక్కన ఏదీ ఇవ్వకూడదు. తెల్లబట్టలు, నల్లబట్టలు వద్దు.

బల్ల మీద చేప మొత్తంగా పెడతారు, దాన్ని పూర్తిగా తినెయ్యరు, కొంత మిగల్చాలి, ఏడాదంతా ఇంట్లో మిగులు ఉండాలని. పెద్దవాళ్ళు చాప్‌స్టిక్స్ తీసేదాకా ఆగండి. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చకండి, చనిపోయినవాళ్ళ ముందు పెట్టే అన్నానికే అలా చేస్తారు. మొదటి రోజు ఊడవరు, చీపురు ముట్టుకోరు, కాబట్టి సాయం చేద్దామని చీపురు పట్టుకోకండి, గిన్నెలు కడగండి చాలు. రెండో రోజు పెళ్ళైన ఆడపిల్లలు పుట్టింటికి వస్తారు, ఆ రోజు రోడ్లు, రైళ్ళు కిటకిటలాడతాయి, మీ ప్రయాణాలు పెట్టుకోవద్దు.

తలుపులకి ఎర్ర కాగితాల మీద శుభవాక్యాలు రాసి అంటిస్తారు. ఇక్కడి క్రైస్తవ ఇళ్ళలో అదే ఎర్ర కాగితం మీద, అదే కుంచె రాతలో బైబిల్ మాటలు రాసి పెడతారు. మా గుమ్మానికీ ఉంటాయి, సంఘంలో ఒక పెద్దాయన ప్రతి ఏడాదీ సిరా నూరి అందరికీ రాసిస్తారు, అది ఆరేదాకా పట్టుకుని నిలబడటం పిల్లల పని.

ఎర్ర కవర్‌లో ఎంత పెట్టాలి?

పెళ్ళైనవాళ్ళు పిల్లలకీ, సంపాదించేవాళ్ళు ముసలి అమ్మానాన్నలకీ ఇస్తారు. కొత్త నోట్లు, సరిసంఖ్య, 4 రాకూడదు. పక్కింటి పిల్లలకి 200 తైవాన్ డాలర్లు చాలు, దగ్గరివాళ్ళ పిల్లలకి 600. మిషనరీ దగ్గర పెద్ద మొత్తం ఎవరూ ఆశించరు, ఎక్కువ పెడితే వాళ్ళు మీ పిల్లలకి అంతే తిరిగి పెట్టాల్సి వస్తుంది, ఇబ్బంది పెట్టకండి. రెండు చేతులతో ఇవ్వాలి, రెండు చేతులతో తీసుకోవాలి, ఇచ్చినవాళ్ళ ముందు విప్పకూడదు.

డ్రాగన్ బోట్ పండగకి ఆకుల్లో చుట్టే ఆ అన్నం ఏంటి? మీ ఫోటోల్లో చూశాం

జొంగ్‌జి. తైవానీస్‌లో బాక్‌చాంగ్ అంటారు. నాకు ఏడాది మొత్తంలో ఇష్టమైన పని ఇదే కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తా. రెండు వారాల ముందునుంచే మార్కెట్లో వెదురాకులు కట్టలు కట్టలుగా వస్తాయి. బంకబియ్యం, వేరుశనగలు రాత్రే నానబెడతారు, పంది మాంసం సోయాసాస్‌లో ఉడికించి పెట్టుకుంటారు, ఎండు పుట్టగొడుగులు, ఉప్పులో ఊరిన గుడ్డు పచ్చసొన, వేయించిన చిన్న ఉల్లిపాయలు వేరువేరు గిన్నెల్లో. రెండాకులు ఒకదానిమీద ఒకటి పెట్టి పొట్లంలా మడవాలి, అడుగున చిల్లు ఉండకూడదు, కొంచెం బియ్యం, మధ్యలో మాంసం, పచ్చసొన, పైన మళ్ళీ బియ్యం, ఆకు పైకి మడిచి నాలుగు మూలలు వచ్చేలా నొక్కి నూలుదారంతో రెండు చుట్లు చుట్టి ముడెయ్యాలి. గట్టిగా కడితే బియ్యం ఉబ్బడానికి చోటుండదు, వదులుగా కడితే నీళ్ళలో విచ్చిపోతుంది. దారాలన్నీ పైన ఒక కర్రకి కట్టి ఉంటాయి, కట్టినవి కట్టినట్టు గుత్తులుగా వేలాడుతుంటాయి. దక్షిణంలో నీళ్ళలో ఉడకబెడతారు, తైపే వైపు ముందే వేయించిన బియ్యంతో కట్టి ఆవిరి మీద పెడతారు, ఏది బాగుంటుంది అని ఏటా వాదన జరుగుతుంది, మాది దక్షిణం కాబట్టి మేం ఉడకబెట్టి పైన వేరుశనగ పొడి చల్లుకుని తింటాం.

పూర్వం చూ రాజ్యంలో చూ యువాన్ అనే మంత్రి నదిలో దూకి చనిపోతే ఆయన్ని చేపలు తినకుండా జనం అన్నం నీళ్ళలో వేశారని కథ, పడవ పందేలు కూడా ఆయన్ని వెతకడం నుంచే వచ్చాయంటారు. దేశం కోసం బాధపడిన మనిషి జ్ఞాపకం. ఆ బల్ల చుట్టూ కూర్చుని ఆకులు మడుస్తుంటే ఆడవాళ్ళు అత్తగార్ల గురించి, చనిపోయిన అమ్మల గురించి చెప్పుకుంటారు, ఆ గంటల్లో నేను విన్నన్ని జీవితాలు ఇంకెక్కడా వినలేదు. ఎవరైనా కట్టడానికి రమ్మంటే తప్పకుండా వెళ్ళండి, మొదట్లో మీరు కట్టినవి వాళ్ళు విప్పి మళ్ళీ కడతారు, ఏం ఫర్వాలేదు.

మధ్య శరదృతువు పండగకి మీరు రోడ్డు మీద మాంసం కాలుస్తారేంటి?

తైవాన్‌లో 1980ల నుంచి అది అలవాటైపోయింది. వెన్నెల్లో ఇంటి ముందు బొగ్గుల కుంపటి పెట్టుకుని కూర్చుంటారు. మూన్‌కేకులు, పంపర పనసలు తప్పనిసరి. మా దగ్గర్లోని మాదౌ పంపర పనసలకి పేరున్న ఊరు, తొక్క చీలకుండా తీసి పసిపిల్లల నెత్తిన టోపీలా పెడతారు. పూజ తక్కువ, తిండీ కబుర్లూ ఎక్కువ కాబట్టి కొత్తగా వచ్చిన మిషనరీకి అన్నిటికన్నా తేలికైన పండగ ఇది. మనం కూడా ఇంటి ముందు కుంపటి పెట్టి పిలవచ్చు, మా ఆయన మసాలా కోడి కాలుస్తారు, సందంతా వస్తుంది.

యాన్‌ష్వేలో బాణసంచా మనుషుల మీదికే వదులుతారంట, వెళ్ళొచ్చా?

యాన్‌ష్వే మా తైనాన్ పరిధిలోని ఊరే. అక్కడ ఇది దీపాల పండగ రాత్రి జరుగుతుంది, వేల రాకెట్లు గుంపులోకే దూసుకొస్తాయి, హెల్మెట్, మందపాటి బట్టలు, మెడకి తడి తువ్వాలు లేకుండా ఎవరూ వెళ్ళరు. 1885లో కలరా వచ్చినప్పుడు గువాన్ అనే దేవుణ్ణి ఊరేగించి బాణాలు కాల్చడం నుంచి మొదలైందని చెప్తారు. నేను వెళ్ళను. అది దేవుడి ఊరేగింపు, పైగా కళ్ళు పోయే ప్రమాదం. దీపాలే చూడాలనుకుంటే ఊళ్ళో లాంతర్ల ఎగ్జిబిషన్‌కి పిల్లల్ని తీసుకెళ్ళండి.

క్రిస్మస్‌కి సెలవుంటుందా?

చాలా ఏళ్ళు లేదు, 2025 నుంచి డిసెంబర్ 25 మళ్ళీ సెలవైంది, రాజ్యాంగ దినం పేరుతో. దానికి మూడు నాలుగు రోజుల ముందే శీతాకాలపు అయనాంతం వస్తుంది, ఆరోజు థాంగ్‌యువాన్ తింటారు, మన ఉండ్రాళ్ళ లాంటివే, తెలుపు, గులాబీ రంగుల్లో, తియ్యటి అల్లం నీళ్ళలో వేసి ఇస్తారు. మా సంఘంలో క్రిస్మస్ కరోల్స్‌కి తిరిగినప్పుడు ఇళ్ళవాళ్ళు మాకు పోసేది ఇదే.

## గీత ఎక్కడ గీయాలి

అక్కా, పండక్కి వెళ్తే విగ్రహారాధనలో పాలుపంచుకున్నట్టు కాదా?

ఈ ప్రశ్న అడిగినందుకు ఎవరినీ తప్పుపట్టను, మనస్సాక్షి ఉన్నవాళ్ళే అడుగుతారు. నేను పాటించేది ఇది: తినడం, వండడం, మొయ్యడం, ఇంటికెళ్ళి కూర్చోవడం, పెద్దలకి నమస్కారం, పిల్లలకి కవర్లు, పడవ పందెంలో తెడ్డు వెయ్యడం, ఇవన్నీ మనుషులతో కలవడం, సంతోషంగా చేస్తా. అగరొత్తి పట్టుకోవడం, గుడిలో మొక్కడం, చనిపోయినవాళ్ళకని ఉత్తుత్తి కాగితం డబ్బు కాల్చడం, జాతకం చీటీ తియ్యడం, ఇవి చెయ్యను. చెయ్యనని అక్కడికెళ్ళి ఆ క్షణంలో మొహం మాడ్చుకోకూడదు, పిలిచినప్పుడే చెప్పాలి: "ఆంటీ, నేను తప్పకుండా వస్తాను, క్రైస్తవురాలిని కాబట్టి అగరొత్తి పట్టుకోను, వంటలో సాయం చేస్తా." ఇక్కడివాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది, వాళ్ళ చుట్టాల్లోనే ఎవరో ఒకరు క్రైస్తవులు ఉంటారు. మనసులో పెట్టుకోవాల్సింది భయం కాదు, మర్యాద.

వాళ్ళ దేవుడి ముందు పెట్టిన పళ్ళూ కోడీ తర్వాత మనకి వడ్డిస్తే తినాలా వద్దా?

పౌలు కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలు ఈ ప్రశ్నకే రాసినట్టుంటాయి. ఎవరైనా విందుకి పిలిస్తే పెట్టింది అడక్కుండా తినమన్నాడు, "ఇది బలి అర్పించింది" అని ఎవరైనా చెప్తే ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానమన్నాడు. నేను బల్ల దగ్గర కూర్చుని విచారణ పెట్టను. ఇక్కడి కొత్త విశ్వాసి పక్కనుండి ఇబ్బందిపడుతుంటే ఆ గిన్నె ముట్టను, పక్క గిన్నెలో కూర వేసుకుంటా. మన దేశంలో మన సంఘాల్లో దీనిమీద ఎంత గట్టిగా ఉంటారో నాకు తెలుసు, మీ పాస్టర్ గారు వద్దంటే ఆయన మాట ప్రకారమే ఉండండి, కాకపోతే పెట్టిన అమ్మ మనసు నొప్పించకుండా.

చింగ్‌మింగ్‌కి తాతల సమాధుల దగ్గరికి రమ్మంటున్నారు, అది పితృపూజ కదా?

చైనీస్ వాళ్ళ మధ్య మిషనరీ పని మొత్తంలో ఇంతకన్నా బరువైన ప్రశ్న లేదు. జెస్యూట్ అనే కాథలిక్ ఫాదర్ల సంఘానికి చెందిన మత్తెయో రిచ్చీ 1582లో మకావు వచ్చి, చైనా పండితుల బట్టలు కట్టి, వాళ్ళ గ్రంథాలు చదివి 1601లో బీజింగ్ చేరాడు. పితరులకి చేసే మర్యాద కుటుంబగౌరవం, అది పూజ కాదు అని ఆయన అభిప్రాయం. వెనకొచ్చిన వేరే సంఘాల ఫాదర్లు ఒప్పుకోలేదు, అది విగ్రహారాధనే అన్నారు. నూరేళ్ళ గొడవ తర్వాత పోప్ 11వ క్లెమెంట్ 1704లో, మళ్ళీ 1715లో ఆ ఆచారాలు నిషేధించాడు, కాంగ్‌షి చక్రవర్తికి కోపమొచ్చి 1721లో మిషనరీల పనే వద్దన్నాడు. చివరికి 1939లో రోమ్ చాలావరకు అనుమతి ఇచ్చింది. మధ్యలో రెండు వందల ఏళ్ళు పోయాయి.

ప్రొటెస్టెంటు సంఘాలు అగరొత్తి, పితరుల పేర్లు రాసిన పలక ముందు వంగడం ఒప్పుకోవు, నేనూ ఒప్పుకోను. కానీ ఇక్కడి పెద్దల్లో ఒక పాత మాట ఉంది, యేసుని నమ్మితే చచ్చాక ఏడ్చేవాళ్ళుండరు అని. కొడుకు క్రైస్తవుడైతే అమ్మ భయపడేది నరకం గురించి కాదు, తనని మర్చిపోతారని. అందుకే సమాధి దగ్గరికి వెళ్ళండి. గడ్డి పీకండి, రాయి కడగండి, పూలు పెట్టండి, తాతగారి గురించి అడగండి. మా సంఘం ఆ వారంలో చనిపోయినవాళ్ళ పేర్లు చదివి కృతజ్ఞతా ప్రార్థన చేస్తుంది, క్రైస్తవులు కాని చుట్టాలు కూడా వచ్చి కూర్చుంటారు. "తల్లిదండ్రులను సన్మానింపుము" అన్న ఆజ్ఞ మనదే కదా, చనిపోయాక ఆ ఆజ్ఞ రద్దవ్వదు.

ప్రేతాల నెలలో అపార్ట్‌మెంట్‌వాళ్ళు పూజకి చందా అడుగుతున్నారు, ఇవ్వాలా?

పూజ చందా ఇవ్వను, మెట్ల లైట్లకి, దోమల మందుకి అడిగినదానికన్నా ఎక్కువే ఇస్తా, అది ముందే సెక్రటరీ గారితో మాట్లాడుకున్నాం. షాపుల ముందు బల్లలు వేసి బిస్కెట్లు, నూడిల్స్, పళ్ళు పెడతారు, వాటిని దాటేటప్పుడు వేలు పెట్టి చూపించడం, సెల్ఫీలు వద్దు. ఆ నెలలో ఇల్లు మారడం, పెళ్ళి, ఈతకి వెళ్ళడం చాలామందికి పట్టింపు, మీ సంఘం పిల్లల స్విమ్మింగ్ క్యాంపు అప్పుడు పెడితే తల్లులు పంపరు, అదీ గుర్తుపెట్టుకోండి.

పక్కింటాయన చనిపోయారు, అంత్యక్రియలకి వెళ్తే అగరొత్తి ఇస్తారు, ఏం చెయ్యాలి?

వెళ్ళండి. ముదురురంగు బట్టలు, తెల్ల కవర్‌లో బేసి సంఖ్యలో డబ్బు. అగరొత్తి ఇవ్వబోతే క్రైస్తవురాలినని మెల్లగా చెప్పి ఫోటో ముందు నిలబడి తల వంచండి, అంతే. ఏడుస్తున్న ఇంటివాళ్ళతో కూర్చోండి, మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

ఇంతమంది పండక్కి పోగవుతారు కదా, సువార్తకి ఆ అవకాశాన్ని ఎలా వాడుకోవాలి?

ఈ "వాడుకోవడం" మానెయ్యండి. ఇది నేను నిండు మనసుతో చెప్తున్నా. మిమ్మల్ని ఇంటికి పిలిచి అన్నం పెట్టినవాళ్ళ పండగని ఎరగా వాడితే వాళ్ళకి తెలిసిపోతుంది, మళ్ళీ పిలవరు, పిలవకపోవడమే న్యాయం కూడా. 1865లో మిషనరీ డాక్టర్ మాక్స్‌వెల్ తైనాన్‌లో క్లినిక్ తెరిస్తే నెల తిరక్కుండానే జనం రాళ్ళేసి తరిమారు, ఈ విదేశీయుడు మనుషుల అవయవాలు కోసి మందు చేస్తాడని పుకారు. ఇప్పుడదే ఊళ్ళో ఆయన మొదలుపెట్టిన పని సిన్‌లౌ హాస్పిటల్‌గా నిలబడి ఉంది. మధ్యలో జరిగిందల్లా ఏళ్ళ తరబడి నమ్మకం సంపాదించుకోవడమే. పండగలో పండగ చేసుకోండి, ఎవరైనా మీ నిరీక్షణ గురించి అడిగితే దాచుకోకుండా చెప్పండి. అడుగుతారు. నన్ను ఎక్కువమంది అడిగింది ఆకులు మడిచేటప్పుడే.

## సెలవుకి ఇంటికొచ్చినప్పుడు

మన సంఘంలో ప్రెజెంటేషన్‌కి గుడుల ఫోటోలు, పూజల వీడియోలు చూపించొచ్చా?

పక్కింటివాళ్ళ ఇంటి పీఠం ఫోటో తీసి "చీకటిలో ఉన్న జనం" అని స్క్రీన్ మీద పెట్టకండి. ఆ అమ్మ రేపు మీ ఫేస్‌బుక్ చూస్తుంది, ట్రాన్స్‌లేట్ బటన్ వాళ్ళకీ ఉంది. అడిగి తీసిన ఫోటోలు, వాళ్ళ ముందు నిలబడి చెప్పగలిగిన మాటలు మాత్రమే. డోర్నకల్‌లో అజరయ్య బిషప్ గారు కట్టించి 1939లో ప్రతిష్ఠించిన కేథడ్రల్ చూపించి మొదలుపెడతా నేను, గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు పోలిన కట్టడం అది. మన నేల మీద మనవాళ్ళు చేసిందే అక్కడివాళ్ళూ ఎర్ర కాగితం మీద చేస్తున్నారని చెప్తే మన అమ్మమ్మలకి కూడా ఇట్టే అర్థమవుతుంది.

పిల్లలు తెలుగు మర్చిపోరా? అక్కడి పండగలే తమవనుకుంటే?

అక్కడి పండగలు కొంత వాళ్ళవే, అక్కడే పెరుగుతున్నారు. తెలుగు మాత్రం మనం ఇంట్లో మాట్లాడితేనే ఉంటుంది, బడీ టీవీ ఇవ్వవు. రాత్రి ప్రార్థన తెలుగులో, బైబిల్ తెలుగులో గట్టిగా చదివించండి, వారానికోసారి అమ్మమ్మ తాతయ్యలతో వీడియో కాల్. మా పిల్లలు మొన్న సెలవుల్లో తాతయ్యకి రెండు చేతులతో ఎర్ర కవర్ ఇచ్చారు, ఆయనకి ముందు అర్థం కాలేదు, చెప్పాక కళ్ళజోడు తీసి తుడుచుకుని జేబులో పెట్టుకున్నారు, లోపల 200 తైవాన్ డాలర్లు, మార్చుకోమంటే మార్చలేదు.